ఒక్కో వైరూ పీకుతూ

"బిడ్డా, డబ్బల తుమ్మెద సొచ్చింది" అన్నాడు కాకా, గేటు దగ్గరే నిలబడి.

బాబుపేట్‌లో మా ఇంటికి మూడిళ్ల అవతల ఉంటాడాయన. మంచిర్యాల వైపు నుంచి బొగ్గు గని పనికి చంద్రపూర్ వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని, ఇక్కడే రిటైరయ్యాడు. బజారులో మరాఠీ, గనిలో హిందీ, ఇంట్లో తెలుగు. ఆంప్లిఫయర్‌ను తిట్టడానికి మాత్రం మూడూ వాడతాడు.

అది కంపెనీ సరుకు కాదు. ట్రాన్స్‌ఫార్మర్, బోర్డు, ఇనప డబ్బా విడివిడిగా కొని మెకానిక్ చేత కట్టించుకున్న సెట్టు. ప్లైవుడ్ పెట్టెల్లో ఎనిమిదేసి అంగుళాల స్పీకర్లు. ఘంటసాల పాట నడుస్తున్నంతసేపూ ఏమీ తెలియదు. పల్లవికీ చరణానికీ మధ్య గొంతు ఆగిందా, వెనక నుంచి "జుయ్‌య్" అని బయటికొస్తుంది.

అప్పటికే అది రెండుసార్లు రిపేరు షాపుకు పోయొచ్చింది. మొదటిసారి ఫిల్టర్ కెపాసిటర్లు మార్చారు, రెండోసారి ఐసీ మార్చారు. రెండు దఫాలకూ కలిపి 1,800 రూపాయలు. షాపులో పెట్టి వినిపించినప్పుడు చప్పుడు లేదు. ఇంటికి తెచ్చి తగిలిస్తే ఉంది. కాకా దీన్ని మోసం అనుకున్నాడు. నాకు మాత్రం ఆ ఒక్క ముక్కతోనే సగం దారి దొరికినట్టయింది. షాపులో నోరు మూసుకున్న డబ్బా ఇంట్లో అరుస్తోందంటే, ముందుగా వెతకాల్సింది ఇల్లు. డబ్బా విప్పడం ఆ తర్వాతి మాట.

ఓపిక పట్టమని చెబితే ఎవరికీ ఓపిక రాదు. చేతికి వరస కలిగిన పని ఒకటి ఇస్తే దానంతట అదే వస్తుంది. ఆంప్లిఫయర్‌లో గుయ్‌మనే చప్పుడు వెతకడం అలాంటి పని. దానికి కావలసినవి ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు, మామూలు డిజిటల్ మల్టీమీటరు, ఎవరూ మాట్లాడని ఒక గంట. నాలుగోది మన వాడకట్టులో దొరకడం కష్టం కాబట్టి రాత్రి పదిన్నర తర్వాత పెట్టుకోండి.

నియమం ఒక్కటే. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చి వినాలి, విన్నది రాయాలి. కొత్త వైరు, కొత్త పిన్ను, కొత్త ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకేసారి కొనుక్కొచ్చి తగిలించేవాళ్లను చాలామందిని చూశాను. చప్పుడు పోతే దేనివల్ల పోయిందో తెలియదు; ఆర్నెల్లకు మళ్లీ వస్తే మళ్లీ మూడూ కొంటారు. పోకపోతే మూడూ వేస్టని అటక మీద పడేస్తారు, అందులో ఒకటి నిజంగానే అవసరమైనదై ఉండొచ్చు.

కాకా ఇంట్లో ఆ రాత్రి మొదట చేసిన పని వినడం. ఆంప్లిఫయర్ ఆపి, స్పీకర్ వైర్లు రెండు వైపులా ఊడదీసి, మళ్లీ స్విచ్ వేసి, డబ్బాకు దగ్గరగా చెవి పెట్టాను. ఈ పరీక్ష ఎందుకంటే, కొన్నిసార్లు చప్పుడు స్పీకర్‌లోంచి రానేరాదు. లోపలి ట్రాన్స్‌ఫార్మరే గుమ్మని మోగుతుంటుంది. దాని బోల్టులు వదులైనా, రాత్రిపూట వోల్టేజీ 250 దాటినా, ఇంట్లో ఏదో చవక హీటరు కరెంటును ఒకవైపే గుంజుతున్నా ట్రాన్స్‌ఫార్మర్ రేకులు మోగుతాయి. గుండ్రటి టొరాయిడల్ రకానికి ఈ చివరి బాధ ఎక్కువ. దానికి మందు బోల్టు బిగించడం, అడుగున రబ్బరు ముక్క పెట్టడం, ఆ హీటరును వెతికి ఆపడం. స్పీకర్లను అనుమానించి లాభం లేదు. కాకా డబ్బా మాత్రం నిశ్శబ్దంగా ఉంది. నోటుబుక్కులో మొదటి గీత గీశాను.

"గా రాసుడేంది? పోలీసు పంచనామా లెక్క?" అన్నాడు కాకా.

రెండోది చప్పుడు రకం. దీనికి చెవి కాస్త అలవాటు పడాలి. మన దేశమంతా కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు తిన్నగా ఆడియోలోకి దూరితే లావుగా, మెత్తగా "గుమ్మ్" అని వినిపిస్తుంది. అది 50 హెర్ట్జ్. చిన్న స్పీకర్లయితే అంత లోతైన శబ్దాన్ని పలకనే లేవు, కాబట్టి దాని పై రెట్లే మనకు చేరతాయి. ఆంప్లిఫయర్ లోపల డయోడ్లు ఆ ఊపులో కింది సగాన్ని కూడా పైకి తిప్పేస్తాయి, అందువల్ల అది 100 హెర్ట్జ్ అవుతుంది. లోపలి కెపాసిటర్లు ఎండిపోతే వినిపించేది ఈ 100, కొంచెం గరుకుగా. ఇంకా పదునుగా, కందిరీగ అద్దానికి కొట్టుకున్నట్టు "జుయ్‌య్" అంటే అందులో 50కి చాలా పై రెట్లు కలిసి ఉన్నాయన్నమాట. అది ఎక్కువగా ఛార్జర్లు, సెట్ టాప్ బాక్సులు, ఫ్యాన్ రెగ్యులేటర్లు, ఎల్ఈడీ బల్బుల నుంచి వస్తుంది. "బుర్ర్ టిక్ టిక్ బుర్ర్" అని తెగుతూ వస్తే పక్కనున్న ఫోను. 2జీ సిగ్నల్ సెకనుకు 217 సార్లు తెగి తెగి వెళుతుంది, ఆ తెగడమే వినిపిస్తుంది. ఫోనును బల్ల మీంచి తీసి జేబులో వేసుకుంటే ఆ అధ్యాయం ముగిసినట్టే.

కాకాది కందిరీగ రకం.

"థర్మల్ పక్కకే ఉండె గదా, గందుకే గావచ్చు" అన్నాడాయన. ఈ మాట బాబుపేట్‌లో చాలామంది అంటారు. థర్మల్ కేంద్రం కాదంటే రైలు లైను. మన మీదుగా పోయే ఢిల్లీ–చెన్నై మార్గంలో పైతీగలో 25,000 వోల్టులు ఉంటాయి కాబట్టి దాని మీదికి నెట్టేస్తారు. రెండూ అనవసరపు నిందలే. చంద్రపూర్ కేంద్రం 2920 మెగావాట్లదైనా మన గోడలోని సాకెట్‌కు వచ్చేది 230 వోల్టులే, నాగపూర్‌లోని సాకెట్‌కూ అంతే. రైలు సంగతి అక్కడికక్కడే తేలింది. ఒక గూడ్సు బండి వెళుతుంటే కిటికీ అద్దాలు దడదడలాడాయి, జుయ్‌మనే చప్పుడులో మాత్రం వెంట్రుకవాసి తేడా లేదు. అదీ రాసుకున్నాను.

అయితే థర్మల్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఇక్కడి నుంచి ముంబై దగ్గరి పడఘే దాకా 752 కిలోమీటర్ల డీసీ లైను ఒకటి 1999 నుంచి నడుస్తోంది. ప్లస్ మైనస్ 500 కిలోవోల్టులు, 1500 మెగావాట్లు మోయగలది. ఏసీని ఇక్కడ డీసీగా మార్చి పంపుతారు, అక్కడ మళ్లీ ఏసీ చేస్తారు. మార్చిన చోట మిగిలిపోయే అలలను వడకట్టడానికి పెద్ద పెద్ద ఫిల్టర్లు పెడతారు. మీ ఆంప్లిఫయర్‌లోని నాలుగు డయోడ్లు, రెండు లావు కెపాసిటర్లు చేసేది చిన్న కొలతలో ఇదే పని. ఊగే కరెంటును నిలబెట్టడం. నిలబెట్టిన చోట వడపోత సరిగ్గా లేకపోతే మిగిలిన ఊపు స్పీకర్ దాకా నడిచి వస్తుంది.

మూడోది వాల్యూమ్ నాబ్. ఖరీదైన మీటర్లకన్నా ఈ నాబ్ ఎక్కువ చెబుతుంది. పాట ఆపేసి, వాల్యూమ్ సున్నా నుంచి మెల్లగా పెంచండి. చప్పుడు కూడా పెరుగుతుంటే అది నాబ్ కన్నా ముందు, అంటే టీవీ, డెక్కు, ఫోను, వాటి వైర్లు ఉన్న వైపు నుంచి వస్తోంది. నాబ్ ఎటు తిప్పినా చప్పుడు ఒకేలా ఉంటే అది నాబ్ తర్వాతది, డబ్బా లోపలి పవర్ సప్లై వైపు. కాకా నాబ్ తిప్పాడు. తుమ్మెద పెద్దదైంది. తగ్గించాడు, చిన్నదైంది. ఆయన ముఖంలో అప్పుడు మొదటిసారి కోపం కాకుండా ఆసక్తి కనిపించింది. మళ్లీ తిప్పాడు. ఆటబొమ్మ దొరికినట్టు ఓ పదిసార్లు తిప్పాడు.

అంటే 1,800 పెట్టి మార్పించినవన్నీ నాబ్‌కు అవతలి వైపువి.

ఇక పీకడం. డబ్బా వెనక మూడు జతల పిన్నులున్నాయి. ఒకటి టీవీ సెట్ టాప్ బాక్సు నుంచి, ఒకటి పాత క్యాసెట్ డెక్కు నుంచి, ఒకటి మనవడు ఫోను పెట్టుకునే ఆక్స్ వైరు. వీటిని పీకేటప్పుడు వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. లేకపోతే పిన్ను ఊడిన క్షణం స్పీకర్ గట్టిగా "బ్భ్" అంటుంది, ట్వీటర్ పోవచ్చు. డెక్కు పిన్నులు తీశాం. చప్పుడు ఉంది. ఆక్స్ తీశాం. ఉంది. సెట్ టాప్ బాక్సు పిన్నులు తీశాం. గదిలో ఒక్కసారిగా ఫ్యాను తిరుగుతున్న చప్పుడు బయటపడింది.

"పట్టుకున్నమా?" అన్నాడు కాకా.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. సెట్ టాప్ బాక్సు పాడైందని కేబుల్ అతనికి ఫోను చేసి కొత్తది తెప్పించుకుంటారు. కొత్తదానిలోనూ అదే చప్పుడు. ఇంకో అడుగు వేయాలి. ఆడియో పిన్నులు మళ్లీ పెట్టేసి, ఈసారి బాక్సు వెనక మర తిప్పి కేబుల్ టీవీ వైరును ఊడదీశాను. బాక్సు ఆన్‌లోనే ఉంది, ఆడియో పిన్నులు ఆంప్లిఫయర్‌కే ఉన్నాయి. చప్పుడు లేదు. మర మళ్లీ తిప్పి బిగించాను. జుయ్‌య్. బాక్సు మంచిదే. తప్పు గోడలోంచి వచ్చే వైరుది.

మరి గోడలోంచి ఏం వస్తోంది? అది కనిపెట్టబోతుండగా కాకా భార్య, చిన్నమ్మ, వంటింట్లోంచి ఒక మాటంది. "గా డబ్బ దుమ్ము తుడుద్దామంటే జిల్లుమంటాంది. నేనైతే ముట్టుడు బందు పెట్టిన." వెంటనే ప్లగ్గు పీకి చూశాను. త్రీ పిన్ ప్లగ్గులో పైనుండే లావు పిన్ను లేదు. మర విప్పి తీసేశారు. "గది తీస్తే సప్పుడు తగ్గుతదని ఒకాయన జెప్పిండు. కొంచెం తగ్గింది గూడ" అన్నాడు కాకా తేలిగ్గా.

తగ్గుతుంది, నిజమే. దాని వెనక కథ చెబుతాను గానీ ముందు ఆ పిన్ను సంగతి. అది మిగతా రెండింటికన్నా పొడుగ్గా ఎందుకుంటుందంటే ప్లగ్గు గుచ్చేటప్పుడు అన్నిటికన్నా ముందు అదే తగలాలి, పీకేటప్పుడు అన్నిటికన్నా ఆఖరున అదే వదలాలి. ఇనప డబ్బా లోపల ఫేజ్ వైరు తొడుగు ఎలుక కొరికినా, వేడికి కరిగినా, ఆ కరెంటు మనిషి గుండా కాకుండా భూమిలోకి పోయేది దాని దారినే. అలా పోయినప్పుడు ఫ్యూజు ఎగిరిపోవాలి, లేదా బ్రేకర్ పడిపోవాలి. చప్పుడు తగ్గించడానికి ఎర్త్ పిన్ను తీసేయడమంటే ఊరకుక్క మొరుగుతోందని తలుపు గడియ పీకేయడం లాంటిది. ఈ అధ్యాయంలో మిగతా ఏది మరిచిపోయినా పరవాలేదు. ఇనప డబ్బా ఉన్న ఏ సామానుకూ ఎర్త్ తీయకండి, తీసేయమన్నవాడి దగ్గరికి రిపేరుకు పోకండి.

ఆ పిన్ను నా దగ్గరున్న పాత ప్లగ్గు నుంచి తెచ్చి బిగించేదాకా ఆంప్లిఫయర్ ఆన్ చేయనివ్వలేదు.

తర్వాత మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, ఒక తీగను సాకెట్ ఎర్త్‌కు, రెండోదాన్ని ఊడదీసిన కేబుల్ వైరు బయటి లోహానికి ఆనించాను. చేతులు లోహానికి తగలకుండా, ప్రోబ్ ప్లాస్టిక్ దగ్గరే పట్టుకుని. మీటరు 94 చూపించింది. కాకా కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చూశాడు. టీవీ వైరులో 94 వోల్టులు!

అది ఎలాగంటే, సెట్ టాప్ బాక్సులు, టీవీలు, చాలా ఛార్జర్లు రెండు పిన్నులవే, వాటికి ఎర్త్ లేదు. వాటి లోపల రేడియో గోల బయటికి రాకుండా చిన్న కెపాసిటర్ ఒకటి కరెంటు వైపుకూ పెట్టె లోహానికీ మధ్య పెడతారు. దాని గుండా కొద్దిగా కరెంటు కారుతూనే ఉంటుంది. మిల్లీ ఆంపియర్‌లో ఒకటో రెండో పదో వంతులు. ప్రమాదం లేదు, నిబంధనలు ఒప్పుకునేదే. ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు దాని ఇనప మూత మీద వేలు రాస్తే చిమచిమలాడినట్టు ఉంటుందే, అదే ఇది. ఒక్క పెట్టె అయితే ఇంతే. కానీ కేబుల్ టీవీ వైరు పైతొడుగు ఒక ఇంటిదాంతో ఆగదు. స్తంభం మీది డబ్బా నుంచి కాకా ఇంటికి, పక్కింటికి, ఎదురింటికి, వెనక సందులోకి అంతా ఒకటే లోహం. కేబుల్ వాళ్లు దాన్ని ఎక్కడా సరిగ్గా భూమికి కలపలేదు. దాంతో పన్నెండు ఇళ్ల పెట్టెల నుంచి కారిన కరెంటు అంతా ఆ తొడుగులో చేరి, భూమిలోకి దారి ఎక్కడా అని వెతుక్కుంటోంది. ఆ దారి దొరికింది కాకా ఇంట్లో. సెట్ టాప్ బాక్సు, అక్కడి నుంచి ఆడియో పిన్ను పైతొడుగు, అక్కడి నుంచి ఆంప్లిఫయర్ ఇనప డబ్బా, అక్కడి నుంచి త్రీ పిన్ ఎర్త్.

లెక్క వేసి చూపించాను. పన్నెండు ఇళ్లవి కలిసి 2 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. చవక ఆడియో వైరు, తుప్పు పట్టిన పిన్ను కలిపి అర ఓం. గుణిస్తే 1 మిల్లీవోల్టు. పాట సిగ్నల్ సుమారు 500 మిల్లీవోల్టులు. ఐదువందల్లో ఒక వంతు అంటే కాగితం మీద ఏమీ కాదు. గొంతు ఆగినప్పుడు, రాత్రి పదిన్నరకు, చెవికి మాత్రం అది నిండు తుమ్మెద. పైగా ఆ కరెంటు ఛార్జర్ల తాలూకు కాబట్టి మెత్తగా ఊగదు, ముళ్లు ముళ్లుగా ఉంటుంది. అందుకే గుమ్మ్ కాదు, జుయ్‌య్.

ఎర్త్ పిన్ను తీసినప్పుడు చప్పుడు ఎందుకు తగ్గిందో ఇప్పుడు అర్థమవుతుంది. దారి మూసేశారు. నీళ్లు పోవడం చాలావరకు ఆగింది, నిలవ ఉండిపోయింది. ఆ నిలవే చిన్నమ్మ చేతికి జిల్లుమంది. షాపులో చప్పుడు ఎందుకు లేదో కూడా తేలింది. షాపులో పెన్ డ్రైవ్ పెట్టి వినిపించారు, కేబుల్ టీవీ వైరు తగిలించలేదు.

"అంటే వాడకట్టు కరెంటంతా నా ఘంటసాల మీది నుంచే పోతాందా?" అన్నాడు కాకా. ఎవరో తన ఇంట్లోంచి అడ్డదారిన నడుచుకుంటూ పోతున్నట్టు ఉంది ఆయన గొంతు.

దీనికి సరైన మందు కేబుల్ వాళ్లు తమ లైనును ఎర్త్ చేయడం. చెప్పాం, చేస్తామన్నారు. ఈలోగా మన చేతిలో ఉన్నది, లోహపు దారిని తెంపి పాటను మాత్రం దాటించడం. దానికి గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద డబ్బీ దొరుకుతుంది. లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు. ఒకవైపు చుట్టలోంచి రెండో వైపు చుట్టలోకి పాట అయస్కాంతం మీదుగా దూకుతుంది, తీగకు తీగ తగలదు. కారు స్టీరియో సామాన్లు అమ్మే దుకాణంలో అడగండి, కొన్ని వందల్లో వస్తుంది. కార్లలో ఇంజిను గోల పాటలోకి రాకుండా ఇదే పెడతారు. మరీ చవకవాటిలో లోతైన బేస్ కొంచెం పలచబడుతుంది. కొత్త టీవీలకు వెనక ఆప్టికల్ అవుట్ ఉంటే ఇంకా మంచిది. కాంతి మీద పోయే పాటకు ఏ ఎర్త్‌తోనూ పని లేదు.

ఆ దుకాణంలో స్టాకు లేదు, రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో కాకా మా వాడకట్టులో నాకు ప్రచారం చేసేశాడు. ఇంకో నాలుగిళ్ల నుంచి పిలుపు వచ్చింది.

ఒకచోట కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వచ్చినప్పుడే గోల. అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. కరెంటును అలగా కాకుండా మెట్లుగా ఇస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఏ సామానైనా దాని మీద మూలుగుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ కొనేదాకా వైర్లు మార్చి ప్రయోజనం లేదు. ఇంకోచోట ల్యాప్‌టాప్. ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపితే చప్పుడు మాయం, అంతకన్నా తేలికైన పరీక్ష లేదు. బ్లూటూత్‌తో పాటలు పంపుకోమన్నాను, సరిపోయింది. మూడో ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్. నున్నగా తిరిగే నాబ్ ఉన్న పాత ఎలక్ట్రానిక్ రకం ప్రతి అలనూ మధ్యలో కోస్తుంది. ఫ్యాను మెల్లగా తిరుగుతున్నప్పుడే గోల ఎక్కువ, ఫుల్ స్పీడులో పెడితే పోతుంది. టక్ టక్ అని మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకం వేయించుకుంటే సరి. మీ ఇంట్లో ఇలాంటి దొంగ ఉన్నాడో లేదో తెలియాలంటే ఆంప్లిఫయర్ సాకెట్ ఒక్కటి ఉంచి మిగతా స్విచ్చులన్నీ ఒక్కొక్కటిగా ఆపుతూ పోండి.

నాలుగో ఇంట్లో ఉన్నది రికార్డు ప్లేయర్. దాని సూది ఇచ్చే సిగ్నల్ 5 మిల్లీవోల్టుల దరిదాపుల్లో ఉంటుంది. దాన్ని వందరెట్లు పెంచాలి, అందులోనూ రికార్డు మీద తగ్గించి కోసిన బేస్‌ను మామూలు స్థాయికి తేవడానికి 50 హెర్ట్జ్ దగ్గర ఇంకో ఏడు రెట్లు పెంచాలి. హమ్మింగ్‌కు ఎర్ర తివాచీ పరిచినట్టే. ప్లేయర్ వెనక నుంచి వచ్చే సన్నటి విడి తీగను ఆంప్లిఫయర్ వెనక జీఎన్‌డీ అని రాసి ఉన్న మరకు బిగించడం మరిచిపోయారు. అరనిమిషం పని. వాళ్లు నాకు చాయ్ ఇచ్చేలోపే అయిపోయింది, మొహమాటంతో ఇంకో పది నిమిషాలు ఏదో సర్దుతున్నట్టు కూర్చున్నాను.

ఇక ఇంటి ఎర్తింగ్ సంగతి. ఇక్కడ మే నెల ఎండ 45 దాటడం మామూలే. పెరట్లో ఎర్త్ గుంట ఉన్నవాళ్లు ఎండాకాలంలో దాంట్లో బకెట్టు నీళ్లు పోయాలి. గుంటలో ఉప్పూ బొగ్గూ వేసేది తేమ పట్టి ఉంచడానికే. ఎండిన మట్టి కరెంటును తీసుకోదు. (ఆ బొగ్గు కట్టెబొగ్గు. ఊళ్లో పుష్కలంగా దొరుకుతుందని రాతిబొగ్గు నింపినవాళ్లను చూశాను. అది పొయ్యికే.) ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు 230 దగ్గర, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులు చూపిస్తే సుమారుగా బాగున్నట్టు. న్యూట్రల్, ఎర్త్ మధ్య పదో ఇరవయ్యో కనిపిస్తే ఆంప్లిఫయర్ సంగతి పక్కనపెట్టి వైర్‌మన్‌ను పిలవండి. సాకెట్‌లో మీటరు పెట్టడం మీకు అలవాటు లేకపోతే ఈ కొలత కూడా ఆయన చేతే చేయించండి.

నాబ్ ఎటు తిప్పినా మారని గరుకు చప్పుడు, రెండు స్పీకర్లలోనూ సమానంగా ఉంటే, అప్పుడు మాత్రం కెపాసిటర్ల వంతు. లోపల 4700 మైక్రోఫారాడ్ కెపాసిటర్ ఉండి ఆంప్లిఫయర్ 1 ఆంపియర్ గుంజుతుంటే వడపోత తర్వాత మిగిలే ఊపు సుమారు 2 వోల్టులు. ఏళ్ల తరబడి వేడికి ఎండి అది 1000కి పడిపోతే ఊపు 10 వోల్టులవుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ కెపాసిటర్ల ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ల మోటు లెక్క. అందుకని ఆంప్లిఫయర్ మీద గుడ్డ కప్పకండి. దాని మీద సెట్ టాప్ బాక్సు పెట్టకండి. మన ఇళ్లలో రెండూ చేస్తాం. లేసు గుడ్డ కప్పి, దాని మీద బాక్సు పెట్టి, ఆ పైన గణపతిని పెడతాం.

డబ్బా విప్పడం తెలిసినవాళ్లకు వదిలేయండి. ప్లగ్గు పీకిన తర్వాత కూడా ఆ లావు కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి "టప్" మనిపించే మెకానిక్‌ను చూసి మీరూ చేయకండి. 100 ఓముల 10 వాట్ల రెసిస్టర్‌తో మెల్లగా ఖాళీ చేసి మీటరుతో చూసుకునేవాడే పని తెలిసినవాడు. ఇంకొకటి. ఆన్ చేయగానే పెద్దగా హమ్మింగ్ వచ్చి, స్పీకర్ కాగితం ముందుకో వెనక్కో తోసుకుని అక్కడే నిలబడిపోతే ఒక్క క్షణం ఆలోచించకుండా స్విచ్ ఆపండి. అవుట్‌పుట్ ట్రాన్సిస్టరో ఐసీయో షార్టై డీసీ తిన్నగా స్పీకర్‌లోకి పోతోంది, కాయిల్ కాలడానికి ఎంతోసేపు పట్టదు. ఫ్యూజు పోతే అదే విలువ ఫ్యూజు వేయండి. సిగరెట్ రేకు చుట్టడం, లావు తీగ బిగించడం వద్దు.

మూడో రోజు సాయంత్రం ఐసొలేటర్ డబ్బీ వచ్చింది. ఎర్త్ పిన్నున్న ప్లగ్గు సాకెట్‌లో పెట్టాం. సెట్ టాప్ బాక్సుకు కేబుల్ వైరు బిగించాం. ఆడియో పిన్నులు డబ్బీలోకి, డబ్బీ నుంచి ఆంప్లిఫయర్‌లోకి. కాకా వాల్యూమ్ నాబ్ మీద చెయ్యి వేసి, గనిలో మందు పేల్చే ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. మెల్లగా తిప్పాడు. సగం దాటించాడు. ఏమీ లేదు. స్పీకర్‌కు దగ్గరగా చెవి పెడితే ఎండుటాకుల మీద గాలి పోయినట్టు సన్నటి "స్స్" ఉంది, అది ఏ ఆంప్లిఫయర్‌కైనా ఉండేదే. చిన్నమ్మ వచ్చి చూపుడు వేలితో డబ్బా అంచు ముట్టుకుంది. మళ్లీ అరచెయ్యి మొత్తం ఆనించింది. ఏమీ అనకుండా కొంగుతో దుమ్ము తుడవడం మొదలుపెట్టింది.

పాట పెట్టాడు. పల్లవి అయింది. చరణానికి ముందు గొంతు ఆగింది. కాకా కళ్లు మూసుకుని ఆ ఖాళీని విన్నాడు. ఉన్నట్టుండి కళ్లు తెరిచి పైకి చూశాడు.

"బిడ్డా, ఈ ఫ్యాను ఎప్పటిసంది గిట్ల కిర్రుమంటాంది?"